నూట పద్దెనిమిదో ప్యాకేజీ

2012 ఆగస్టు. ఉదయం 10:20కి గనిలో కార్మికుడు నర్సింగం శవం దొరికింది.

ఒంటి మీద గాయం లేదు. మీథేన్ నిండిన చోట ఊపిరాడక చనిపోయాడు. గ్యాస్ 1.25 శాతం దాటితే గని పైనున్న కంప్యూటర్ అలారం మోగించాలి. మోగలేదు. తెర మీద పచ్చరంగే వెలుగుతోంది.

మిగతావాళ్లందరినీ పైకి తెచ్చేశారు.

11:15. గోదావరిఖనిలో ఆ అలారం నడిపే సాఫ్ట్‌వేర్ తయారుచేసే కాంట్రాక్టర్ ఆఫీసు. ఎస్సై లిడియా ఎదురుగా ఇద్దరున్నారు. మేనేజర్ జగదీశ్వర్, ప్రోగ్రామర్ తిరుమల.

"ఈ పిల్ల రాసిన కోడ్ మేడం," అన్నాడు జగదీశ్వర్. "పొద్దుగాల కొత్త ప్యాకేజీ పోయింది. నంబర్ 118."

"నువ్వే పంపినవా?" లిడియా తిరుమలను అడిగింది.

"మేం చేత్తో పంపం మేడం. కోడ్ రాస్తే బిల్డ్ సర్వరే ప్రోగ్రాం తయారు చేస్తది, టెస్ట్ చేస్తది. పాసయితేనే ప్యాకేజీ రిపాజిటరీల పడ్తది. అంటే మా గోదాం. గని కంప్యూటర్లు పొద్దుగాల ఏడు గంటలకు అందులకెల్లి కొత్తది తీసుకుంటయి."

"118 పాసయిందా?"

"లేదు మేడం! 6:12కు ఫెయిలని నాకు మెసేజొచ్చింది. మిషన్ ఆపింది గదా అనుకున్న. 6:40కి గోదాంల ఎట్ల పడ్డదో సమజైతలేదు."

"వట్టిమాట," అన్నాడు జగదీశ్వర్. "ఎవరేం చేసిండ్రో రాసుండే లాగ్ జూపియ్యమనుండ్రి. కరెంటు పోయి అంతా చెరిగింది."

"118ని ఎన్ని గనులు తీసుకున్నయి?"

తిరుమల తెర వైపు చూసింది.

"రెండు మేడం."

లిడియా వెంటనే రెండో గనికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. ఎత్తింది అక్కడ షిఫ్టు చూసే ఓవర్‌మన్ రాజం.

"రాజం కాకా, కింద ఎంతమంది?"

"నలభై ఒక్కరు మేడం."

"జల్ది పైకి పిలువు. తెరను నమ్మకు."

"తెరను నమ్మకుంటే ఏ దారి మంచిదో ఎట్ల తెలుస్తది? తూర్పు దిక్కా, పడమరా?"



"118ని డిలీట్ చెయ్యి!" జగదీశ్వర్ అరిచాడు. "పూర్తిగ తీసెయ్యి!"

"తీసెయ్యకు. పక్కన పెట్టు," అంది లిడియా.

తిరుమల 118ని పక్కకు జరిపింది. రిపాజిటరీ జాబితాను మళ్లీ కట్టింది. ఇప్పుడు జాబితాలో చివరిది, టెస్టు పాసైన పాత 117. దాన్ని ఆ గని కంప్యూటర్‌కు ఎక్కించింది. రెండుసార్లు వేళ్లు తప్పాయి.

11:34.

ఫోన్‌లో సైరన్ మోగింది.

"అయ్యో! తూర్పు దారి ఎర్రగైంది!" రాజం కేక.

"పడమర నుంచి తీసుకరా!"

లైన్ కట్ చెయ్యలేదు. అవతల పరుగులు, అరుపులు.

"తిరుమలా, 117 తెరువు. ఏ మిషన్ల తయారైందో లోపల రాసుంటదా?"

"ఉంటది మేడం. బిల్డ్ సర్వర్ పేరుంది."

"118ల?"

తిరుమల చూసింది. మెల్లగా జగదీశ్వర్ వైపు తల తిప్పింది.

"సార్ లాప్‌టాప్ పేరుంది."

లిడియా జగదీశ్వర్ వైపు తిరిగింది.

"మిషన్ ఆపిన ప్రోగ్రాంను టెస్టు లేకుండ మీ లాప్‌టాప్‌ల తయారు చేసిండ్రు," అంది లిడియా. "అదే నంబర్ వేసి గోదాంల పెట్టిండ్రు. లాగ్ చెరిపిండ్రు. ప్యాకేజీ లోపలి పేరు చెరుపుడు మరిచిండ్రు. డిలీట్ చెయ్యమన్నది అందుకే. ఎందుకు చేసిండ్రు?"

"పది గంటలకు ఆఫీసర్లు కొత్త వెర్షన్ చూస్తమన్నరు..." అన్నాడు జగదీశ్వర్. "ఒక్క పూటే గదా అనుకున్న."

ఫోన్‌లో రాజం లెక్కపెడుతున్నాడు. ముప్పై మూడు. ముప్పై ఎనిమిది. నలభై.

ఆగిపోయాడు.

లిడియా కళ్లు మూసుకుంది.

"నలభై ఒకటి! అందరూ వచ్చిండ్రు మేడం!"

12:05కి కానిస్టేబుళ్లు జగదీశ్వర్‌ను జీపు ఎక్కించారు. తిరుమల కుర్చీలోంచి లేవలేదు.

"తప్పు లైన్ రాసింది నేనే గదా మేడం. నర్సింగం కాక ఇంటికి నేను పోవచ్చునా?"

లిడియా టోపీ తీసుకుంది.

"వాళ్లు ఏమన్నా పడాలె."

"పడ్త."

"పా, నేనూ వస్త."