ముప్పై ఐదు నిమిషాల దూరం

"ఏవయ్యా, మీ ఊళ్ళో మంచు పడట్లేదన్నావు! మరి మీ విమానం రెక్కల మీదున్నదేంటి, మీగడా?"

సాయ్‌కల్ నాతో రేడియోలో అన్న మొదటి మాట అది.

ఆమె తెరెక్-సూ విమానాశ్రయంలో వాతావరణం చూస్తుంది. కోక్-దోబోలో నాదీ అదే పని. మధ్య దూరం నూట ఐదు కిలోమీటర్లు, మా చిన్న విమానానికి ముప్పై ఐదు నిమిషాలు. చలికాలంలో మంచుకి కొండ కనుమ మూసుకుపోతే జీపులో రెండు రోజుల చుట్టుదారి. రోజూ పొద్దున్నే ఆకాశం సంగతి ఒకరికొకరం చెప్పుకోవాలి. అలా ఎనిమిది నెలలు కీచులాడుకున్నాం. మనిషిని చూసింది రెండుసార్లే. అయినా పీకల్లోతు మునిగిపోయాను. ఆ మాట చెబుదామంటే పైలట్లందరూ వినే రేడియో అది, ఛీ!

ఆ శుక్రవారం విమానం ఎక్కడానికొచ్చిన ఓ పెద్దావిడ ఎర్రగుడ్డ మూట విప్పి చూపించింది.

"తెరెక్-సూలో రేడియో పిల్లకి మావాడి తరఫున పోగులు పెట్టొస్తా, నాయనా! పెంచిన మేనత్త ఒప్పేసుకుంది."

మా కొండల్లో అబ్బాయి తల్లి చెవిపోగులు పెట్టిందంటే ఇక ఆ పిల్ల వాళ్ళదే. పరుగున వెళ్ళి రేడియో అందుకున్నాను.

"సాయ్‌కల్, నీకు పోగులొస్తున్నాయట?"

"ఇప్పుడే తెలిసింది. నన్నడిగితేగా! మీ ఆకాశం ఎలా ఉంది, దోలోన్?"

కిటికీలోంచి చూశాను. ఒక్క మబ్బు లేదు. పొగమంచని ఒక్క ముక్క అంటే చాలు, విమానం కదలదు. కానీ తెరెక్-సూలో కాన్పు కష్టమైన ఒకామె పెద్దాసుపత్రికి వెళ్ళడానికి ఈ విమానం కోసమే ఎదురుచూస్తోంది.

"నిర్మలంగా ఉంది."

"నీకొక్క మబ్బూ దొరకలేదా, మొద్దూ!"

"అబద్ధమెలా చెప్పను? పాపం ఆ కాన్పు మనిషి..."

"తెలుసులే. ఇక్కడా నిర్మలమే. నేనూ అలాగే రాశాను."

ఇక ఆగలేకపోయాను. "మా అమ్మ పోగులు తెస్తే తల వంచుతావా?"

రేడియోలో ఏ పైలటో దగ్గాడు.

"ఎనిమిది నెల్లు ఈ మాట ఎక్కడ దాచావు? ముందు మీ అమ్మని పంపించు!"

మా ఇల్లు రన్‌వే పక్కనే. ఆవు దగ్గరున్న అమ్మ, "ఇప్పుడా చెప్పేది, సన్నాసీ!" అంటూనే తన వెండి పోగులు ఊడదీసుకుని బయల్దేరింది.

మా విమానానికి తలుపు తోక వైపుంటుంది. చివర ఎక్కినవాళ్ళే ముందు దిగుతారు.

"పెద్దవారు, ముందు మీరెక్కండి," అని ఆ పెద్దావిడని సాదరంగా ముందు సీటుకి పంపించాను. మురిసిపోయి దీవించింది కూడా. తలుపు పక్కన మిగిలిన ఒకే ఒక్క సీట్లో అమ్మని కూర్చోబెట్టాను.

ఆ ముప్పై ఐదు నిమిషాలూ నేను కాలుగాలిన పిల్లినే. చివరికి రేడియో పలికింది.

"దోలోన్, మీ అమ్మే ముందు దిగింది. నేనే ఎదురు పరిగెత్తా. చలికి ఆవిడ వేళ్ళు కొయ్యబారిపోయాయి, ఒక పోగే పెట్టగలిగింది."

"రెండోది?"

"మా మేనత్త పెట్టింది. తిడుతూనే అనుకో."

"మరి ఆ పెద్దావిడ?"

"మొహం చిన్నబుచ్చుకుంది. అయినా, 'ముందు పడ్డ పోగులే పోగులు, చల్లగా ఉండు' అంది. టీ ఇచ్చి కూర్చోబెట్టాం."

"ఏడుస్తున్నావా?"

"సంతోషమేస్తే ఏడవకూడదా? నువ్వెప్పుడొస్తావ్?"

"సోమవారం విమానానికి," అన్నాను.