ముప్ఫైకే ముసలివాళ్ళు

"సాయంత్రంలోగా మీరే నన్ను బయటపడేయాల మేడం" అంటూ లోపలికి వచ్చిపడ్డాడు చైతన్య.

కర్నూలులోని ఆ ఇరుకు ఆఫీసులో కరెంటు లేదు. డిటెక్టివ్ సుంకులమ్మకు అప్పటికే చిరాకుగా ఉంది. పెళ్ళికొడుకుల గుట్లు విచారించీ విచారించీ విసిగిపోయిన మనిషి.

"ముందు కూర్చోప్పా. నీళ్ళు తాగి చెప్పు."

అతను ఒక చిన్న కంప్యూటర్ గేముల కంపెనీలో పనిచేస్తున్నాడు. అమెరికావాళ్ళ కోసం బేస్‌బాల్ గేము తయారవుతోంది. అందులో బ్యాటు పట్టేదేమీ ఉండదు. ఒక జట్టును ఏళ్ళ తరబడి నడుపుకోవాలంతే. ఏళ్ళు గడిచేకొద్దీ ఆటగాళ్ళకు వయసు మీదపడాలి, అదీ నిజంలాగే. ఆ వయసు లెక్క రాసింది చైతన్య.

"పేరున్న ఆటగాళ్ళంతా ముప్ఫైకే ముసలోళ్ళయి కూలబడతాండారు మేడం. సరేలెమ్మని లెక్క నిదానం చేస్తి. అట్ల చేస్తే గేము తనంతట పుట్టించే కొత్త పిల్లోళ్ళు నలభై దాటినా ఉరుకుతానే ఉండారు. ఇటు సర్దితే అటు చెడతాండాది. నెలంతా ఇదే పీకులాట! వేరే కంపెనీకి అమ్ముడుపోయి నేనే చెడగొడతాండానని మా సార్ అందరి ముందర దొంగన్నాడు. సాయంత్రం పోలీసులకు చెప్తాడంట. ఆ పేరు పడితే నాకింక యాడా పని దొరకదు."

అసిస్టెంట్ ఆరాధన మేడం వైపు ధీమాగా చూసింది. సుంకులమ్మ విప్పలేని ముడి లేదని ఆ అమ్మాయి నమ్మకం. సుంకులమ్మకు మాత్రం బేస్‌బాల్‌లో ఎంతమంది ఆడతారో కూడా తెలియదు.

ముగ్గురూ కంపెనీకి వెళ్ళేసరికి యజమాని హనుమేష్ గుమ్మంలోనే మండిపడ్డాడు.

"లెక్క రాసింది వీడు. వీడు కాక ఇంకెవడు చెడగొడతాడు?"

"ఆ పేరున్న ఆటగాళ్ళు యాడినుంచి వచ్చినారు?" అడిగింది సుంకులమ్మ.

"వాళ్ళు నిజంగా ఆడినోళ్ళు మేడం. అమెరికా నుంచి జాబితా వస్తే మా గాబ్రియేలు గేములోకి ఎక్కించినాడు. ఈడ వాళ్ళనెవరు ఎరుగుదురు?" అన్నాడు చైతన్య.

గాబ్రియేలు ఒకప్పుడు జిల్లా ఖోఖో జట్టులో ఆడినవాడు. పిలవగానే వచ్చి నిలబడ్డాడు.

"నీ వయసెంతప్పా?"

"ఏది చెప్పల్ల మేడం? బడిలో రాసిందా, మా యమ్మ చెప్పిందా?"

ఆరాధన నవ్వింది. సుంకులమ్మ నవ్వలేదు. అమెరికా జాబితాను గేములో ఉన్నదానితో పోల్చి చూడమని ఆరాధనను పంపింది. కాసేపటికి అందరినీ ఒకచోట కూర్చోబెట్టింది.

"లెక్కే తప్పయితే అందరూ ఒకే మాదిరి చెడిపోవల్ల. మొదట కూలింది ఎక్కించినోళ్ళు మాత్రమే. గేము పుట్టించినోళ్ళు చెడింది చైతన్య లెక్క మార్చినాకనే. అంటే లెక్క బాగుండాది, ఎక్కించిన వయసే బాగలేదు. ఆరాధన చూసింది. తెర మీద కనపడే వయసు జాబితాలోదే, లెక్కకు పోయే వయసులో మాత్రం ఒక్కొక్కరికి మూడేండ్లు ఎక్కువ పడినాయి. ఎందుకు కలిపినావు గాబ్రియేలూ?"

గాబ్రియేలు దాచలేదు.

"సార్ అంతా నిజం మాదిరి ఉండల్లన్నాడు మేడం. బడిలో చేర్చేటప్పుడు మా అయ్యవారు నాకు మూడేండ్లు తగ్గించి రాసినాడు. మా జట్టులో అందరిదీ అదే కత. కాయితం మీద నేనింకా చిన్నోన్నే, మోకాళ్ళు చూస్తే అరిగిపాయె. నొప్పంటే నాటకాలాడతాండావని జట్టులోంచి తీసేసిరి. ఆటగాళ్ళంటే యాడైనా ఇంతే అనుకుంటి. రేపు వాళ్ళు కూలబడితే నాటకమని ఎవరూ అనగూడదని అసలు వయసు ఏసినా. దానివల్లే ఇదంతా అని నాకు తెల్దు."

హనుమేష్ తేలిగ్గా నవ్వేశాడు. "ఇంతేనా! ఆ మూడేండ్లు తీసేయండప్పా. చైతన్యా, పోయి పని చూసుకో."

చైతన్య కదల్లేదు. "అందరి ముందర దొంగన్నారు. అందరి ముందరే కాదనండి సార్."

హనుమేష్ ఫోను తీసి చూసుకున్నాడు. "సరేలేప్పా, నువ్వేం చేయలేదు."

"వెనకాలోళ్ళకు ఇనపల్లేదు సార్."

చివరికి హనుమేష్ లేచి నిలబడ్డాడు. "చైతన్య తప్పేం లేదు. నేనే తొందరపడినా."

ఆ అవమానం ఎక్కడో ఒకచోట దించుకోవాలిగా! వెంటనే గాబ్రియేలు మీదికి తిరిగాడు. "అంతా నీవల్లే గదా. నీ సంగతి..."

"మళ్ళా మొదలుపెట్టొద్దు సార్" అన్నాడు చైతన్య. తన కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసి, గాబ్రియేలును చేయిపట్టి కూర్చోబెట్టాడు.