ట్రిగ్గర్‌లో మాయమైన వదులు

నాటింగ్‌హామ్‌లో ఒక టేకవే పైగదిలో డిటెక్టివ్ చలపతి ఆఫీసు. వేపుడు వాసన పట్టుకుని ఒక దొంగను లండన్ దాకా తరిమానని ఆయన చెబుతుంటాడు. అసిస్టెంటు హైమ అందులో సగం నమ్ముతుంది. మిగతా సగమూ నమ్మాలని ఆమె కోరిక.

సాత్విక తడిసిన గొడుగు మూయకుండానే లోపలికి వచ్చింది. మాస్టర్స్ చదువుతూ ఎయిర్ పిస్టల్ పోటీల్లో కాలుస్తుంది. మాంచెస్టర్ సెలక్షన్‌లో ఆమె గుండ్లన్నీ చెదిరిపోయాయి. ఇక శనివారం గ్లాస్గోలో ఆఖరి అవకాశం. అదీ పోతే జట్టులో చోటు లేనట్టే.

"నాది రెండు అంచెల ట్రిగ్గర్ సార్. మొదట వదులుగా వస్తుంది, తర్వాత అడ్డు తగులుతుంది. అక్కడ ఆగి, గురి చూసుకుని నొక్కుతా. ఆ రోజు వదులే లేదు. వెతుకుతుంటే పేలిపోయింది. నా వేలే వణుకుతోందనుకున్నా. ఇంటికొచ్చాక తెలిసింది, ఎవరో మార్చారని."

ట్రిగ్గర్ నొక్కడానికి కనీస బరువు పడుతోందా అని పోటీకి ముందు చేసే తూకం పరీక్షలో మాత్రం పిస్టల్ పాసయిందట. పిస్టళ్ళు పెట్టే క్లబ్బు బీరువా తాళాలు ఇద్దరి దగ్గరే ఉంటాయి. ఒకరు, ఆమెకు రాకపోతే జట్టులో చోటు దక్కే రఘువీర్. రెండో ఆయన సెక్రటరీ బాబూరావు. చనిపోయిన తన భార్య బేబీ వాడిన పిస్టల్‌ను సాత్వికకు ఇచ్చింది ఆయనే.

హైమ రఘువీర్‌నే అనుమానించింది. చలపతి అందరినీ క్లబ్బులో చేర్చి, ట్రిగ్గర్ సర్దే మరను ముట్టుకోకుండా పిస్టల్ ఉన్నదున్నట్టే రఘువీర్ చేతికిచ్చాడు. అతనికీ రెండు అంచెల అలవాటే. గురి కుదరకముందే పేలి, గుండు గురి అట్ట అంచున తగిలింది. బాబూరావు వద్దన్నాడు, భార్య పోయాక పిస్టల్ పట్టలేదన్నాడు. బతిమాలితే ఎత్తాడు. గుండు నడిబొడ్డున దిగింది.

"పగవాడైతే బరువు తగ్గించి, తూకంలోనే ఈ అమ్మాయిని ఇంటికి పంపేవాడు," అన్నాడు చలపతి. "ఈ పని చేసినవాళ్ళు వదులు తీసేసి, బరువు మాత్రం నియమం తప్పకుండా నిలిపారు. అంటే పాడుచెయ్యడానికి కాదు, కాల్చుకోవడానికి. రఘువీర్ వేలు వదులు కోసం వెతికింది. మీ వేలు వెతకలేదు బాబూరావుగారూ."

బాబూరావు పిస్టల్‌ను మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"మా బేబీ ఇట్టాగే పెట్టుకునేదండీ. మధ్యలో ఆగడం దానికి చేతగాదు. దాని వేలు ఆనిన చోట నా వేలు ఆనించి ఒక్కసారి నొక్కాలనిపించింది. మళ్ళీ తిప్పేద్దామనుకుంటే చెయ్యి రాలేదు. సెలక్షన్ రోజు పొద్దున్నే ఈ పిల్ల పిస్టల్ పట్టుకుపోతుంటే నోరు పెగల్లేదు."

సాత్విక ముఖం ఎర్రబడింది. మర తిప్పే చిన్న పానా ఆయన ముందు పెట్టింది.

"నాకు శనివారానికి ఇది కావాలి అంకుల్. మీరే తిప్పండి."

ఆయన దాన్ని అందుకోలేదు. ఆమె పిస్టల్‌లో తనే ఒక గుండు వేసి అందించింది.

"ఇంకొక్కటి కాల్చి తిప్పండి."

ఆయన కాల్చాడు. అట్ట చూడటానికి ఎవరూ వెళ్ళలేదు. ఖాళీ పిస్టల్ ఒళ్ళో పెట్టుకుని మర తిప్పుతున్నంతసేపూ ఆయన చూపుడు వేలు ట్రిగ్గర్ మీదే ఉంది. దాని కింద ట్రిగ్గర్ మెల్లగా వదులైంది.