కుక్క కోసం చేసిన బంతి

ఆ రోజు పొద్దున్నే కాసిల్దా పెనం మీద మొక్కజొన్న రొట్టె తిరగేస్తుంటే, పెరట్లో ఆరేసిన దుప్పటి కంచె వైపు పరుగెత్తడం కిటికీలోంచి కనిపించింది. దుప్పటి కింద ఉన్నది చిస్పా. రెండేళ్ల కుక్క, సన్నటి నడుము, గోధుమ రంగు ఒళ్లు. ఒక్క క్షణం కుదురుగా నిలబడమంటే దాని ప్రాణం పోతుంది.

"ఒతిలియా! నీ కుక్క నా దుప్పటి కప్పుకుని ఊరేగుతోందే! వచ్చి పట్టుకో!"

"దానికి బంతి లేదమ్మా. బంతి ఉంటే దుప్పటి జోలికి పోదు" అంటూ ఒతిలియా తల దువ్వుకుంటూనే పెరట్లోకి పరుగెత్తింది.

"లేకపోవడమేంటి? నిన్నగాక మొన్న తెచ్చావుగా!"

"అది తినేసింది."

బంతులు తినడంలో చిస్పాని మించింది ఆ ఊళ్లోనే లేదు. టెన్నిస్ బంతులు ఆరు నెలలు నడిచాయి. ఆ తర్వాత మసట్లాన్ పట్నం సంతలో కొన్న కీచుమనే రబ్బరు బంతి పది నిమిషాల్లో ముక్కలైంది, అందులో సగం కుక్క కడుపులోకే పోయింది. బేస్‌బాల్ బంతి ఇస్తే కుట్లు విప్పి, లోపలి దారమంతా లాగి, జామచెట్టు చుట్టూ చుట్టి పెట్టింది. దాన్ని ఆపే బంతి ఈ భూమ్మీద ఎవడైనా చేశాడా అని కాసిల్దాకి అనుమానం వచ్చింది.

బల్ల దగ్గర కాఫీ తాగుతున్న కాసిల్దా మొగుడు ఎవారిస్తో, ఈ గొడవంతా వింటూ కూడా తల ఎత్తలేదు. కూతురితో ఆయన సరిగ్గా మాట్లాడి నాలుగు నెలలైంది. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు, మాటలు మాత్రం కాసిల్దా మీదుగా పోతాయి.

"మీ అమ్మాయికి చెప్పు, కుక్కని కట్టేయమని" అన్నాడు.

"అమ్మా, నాన్నకి చెప్పు, కట్టేస్తే అది తాడు కూడా తింటుందని."

"నేనేమన్నా పోస్టాఫీసునా?" అంది కాసిల్దా, రొట్టెలు బల్ల మీద టపీమని పెట్టి.

గొడవ మొదలైంది జనవరిలో. ఎవారిస్తో ఉలామా బంతులు చేసే మనిషి. నడుముతో కొట్టి ఆడే ఆ ఆటకి మామూలు బంతి పనికిరాదు. అడవి చెట్టు నుంచి తీసిన రబ్బరు పాలని తీగ రసంతో పెరుగులా తోడుకునేలా చేసి, వేడి వేడి పట్టీలుగా లాగి, పొర మీద పొర చుట్టి చేసిన మూడు కిలోల బంతి కావాలి. చుట్టుపక్కల పల్లెల్లో ఆ పని తెలిసినవాడు ఇప్పుడు ఆయనొక్కడే. ఆయనకు కొడుకులు లేరు. ఉన్న ఒక్కగానొక్క కూతురు వచ్చి "నాకు నేర్పు నాన్నా" అని అడిగితే, ఆయన అగ్గి మీద గుగ్గిలమయ్యాడు.

"మా తాత మా నాన్నకి నేర్పాడు, మా నాన్న నాకు నేర్పాడు. ఈ ఇంట్లో ఆడది బంతి ముట్టుకోలేదు. నా చేతుల మీదుగా ఆ కట్టు తెగదు" అన్నాడు. ఒతిలియా వెళ్లి గది తలుపేసుకుంది. అప్పటి నుంచీ కాసిల్దా పోస్టాఫీసు అయింది.

ఊరి బంతి పోయిన ఏడాది ఆట మధ్యలోనే పగిలింది. ఊరి పండగ ఆరు వారాల్లో ఉంది. ఆటగాళ్ల పెద్ద హిలారియో రెండుసార్లు వచ్చి గుమ్మం దగ్గర టోపీ తీసి నిలబడ్డాడు. దక్షిణాది నుంచి మేనల్లుడు తెచ్చిన రబ్బరు పాల డబ్బా నెల రోజులుగా కొట్టం నీడలోనే ఉంది. ఎవారిస్తో ఒకసారి ఎండ సరిగా లేదన్నాడు, ఇంకోసారి తీగ ముదరలేదన్నాడు. ఈసారి కూడా బంతి రాకపోతే కుర్రాళ్లు ఆట మానేసి బేస్‌బాల్‌కే పోతారని ఊరంతా చెప్పుకుంటోంది. ఆ మాట కాసిల్దా చెవిన పడినప్పుడల్లా మొగుడి కంటే ముందు ఆమెకే తల కొట్టేసినట్టయ్యేది.

ఆ మంగళవారం ఒతిలియా కుక్కని మసట్లాన్‌లో పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. తిరిగొచ్చేసరికి పిల్ల మొహం ఎలాగో అయిపోయి ఉంది.

"ఏమైందే? కడుపులో ఇంకా రబ్బరు ఉందా?"

"అది కాదమ్మా. చిస్పా పళ్లు చూసి, ఇది పదేళ్ల కుక్కా అని అడిగింది. టెన్నిస్ బంతి మీద నూగు ఉంటుందే, దానికి మట్టి పట్టి గరుకు కాగితంలా పళ్లని అరగదీస్తుందట. ఇంకో ఏడాది ఇలాగే పోతే చప్పరించి తినాల్సిందే అంది."

"పాపం! మరి దేంతో ఆడించాలిట?"

ఒతిలియా వేళ్ల మీద లెక్కపెట్టింది. "గొంతులోకి జారనంత పెద్దది, దవడకి పట్టేంత చిన్నది. బొటనవేలితో నొక్కితే లొంగాలి. లొంగలేదంటే పళ్లు విరుగుతాయి. అతుకు ఉండకూడదు, చిల్లు ఉండకూడదు, ముక్కగా ఊడకూడదు. బాగా ఎగరాలి, దాని ఒంట్లో ఉన్న పొగరంతా పరుగులోనే దిగిపోవాలి." అని ఆగి, గొంతు తగ్గించింది. "అమ్మా, ఆవిడ చెబుతున్నంతసేపూ నాకు ఒళ్లు జలదరించింది. సైజు తప్ప ఆవిడ చెప్పిందంతా నాన్న చేసే బంతి గురించే. ఆ సంగతి ఆవిడకి తెలియదు, అంతే."



గురువారం ఎవారిస్తో మసట్లాన్‌లో అక్కని చూసి రావడానికి తెల్లవారుజామున బస్సెక్కాడు. బస్సు మలుపు తిరిగీ తిరగగానే కూతురు తల్లి ముందుకొచ్చి చెయ్యి చాపింది. "కొట్టం తాళం చెవి ఇవ్వమ్మా. గిన్నెడు రబ్బరు పాలు చాలు."

"మీ నాన్న చంపేస్తాడే!"

"నన్నేగా. నీకేం?"

అయినా ఏదో మొండితనం కాసిల్దా చేత తాళం చెవి తీయించింది. నలభై ఏళ్లుగా ఆ కొట్టంలో ఏం జరుగుతుందో ఆమెకీ తెలియదు మరి.

ముందు కొలత తీయాలి. ఒతిలియా మొక్కజొన్న పిండిని ఉండ చేసి కుక్క నోట్లో పెట్టింది, చిస్పా మింగేసింది. ఇంకొంచెం పెద్దది చేసింది, అదీ మింగేసింది. ఐదు ఉండలయ్యాక కాసిల్దా "కొలతలతోనే దీని కడుపు నిండిపోయింది, ఇక బంతెందుకు!" అని నవ్వింది. చివరికి పచ్చి జామకాయ ఇస్తే, దాన్ని మింగకుండా పళ్ల మధ్య పదిలంగా పట్టుకుని తోక ఊపింది. ఆ కాయ చుట్టూ దారం చుట్టి కొలత పట్టుకున్నారు.

తర్వాత జరిగింది కాసిల్దా కన్నార్పకుండా చూసింది. ఒతిలియా తీగ దంచి రసం పిండింది. తెల్లటి పాలలో ఆ రసం పడగానే, పాలు ఒక్కసారి ఉలిక్కిపడి దగ్గరికొచ్చి ప్రాణమున్న దానిలా సాగాయి. పిల్ల దాన్ని వేడినీళ్లలో ముంచి, సన్నటి పట్టీగా లాగి, అరచేతిలో తిప్పుతూ చుట్టసాగింది. ఒక్కో పొర వేశాక బండ మీద దొర్లించి నొక్కి గాలి తీసేసింది. ఎక్కడా తడబాటు లేదు. కట్టెల గోడ సందులోంచి తండ్రిని చూస్తూ పెరిగిన కళ్లు ఆమెవి. చూసిన పనిని చేతులు ఎప్పుడు నేర్చుకున్నాయో దేవుడికే తెలియాలి.

బంతి చల్లారేసరికి మధ్యాహ్నమైంది. దాన్ని మూడుసార్లు మరిగే నీళ్లలో కడిగి, ఒతిలియా పెరట్లో నిలబడి నడుము ఎత్తు నుంచి వదిలింది.

నేలను తాకిన చప్పుడు కాసిల్దా పాదాల్లోకి పాకింది. బంతి ఆగకుండా లేచి, వదిలిన చోటికే దాదాపు తిరిగొచ్చింది. చిస్పా కదల్లేదు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి మొదటిసారి ఆ కుక్క నిలబడిపోయింది, చెవులు నిక్కబొడుచుకుని, నోరు తెరుచుకుని. ఒతిలియా చెయ్యెత్తి బలంగా విసిరింది. బంతి కంచె అవతల ఎండిన వాగులో పడి, బండ మీద నుంచి ఆకాశానికి లేచింది. కుక్క కంచె దూకింది, వాగు దూకింది, గాల్లో నాలుగు కాళ్లూ ముడిచి ఎండలో మెరుస్తూ వెళ్లి బంతిని అందుకుంది. అంత అందం ఆ దుప్పటి దొంగలో ఉందని కాసిల్దాకి రెండేళ్లుగా తెలియలేదు. తనకే తెలియకుండా రెండు చేతులూ గుండె మీద పెట్టుకుంది.

"అమ్మా, చూశావా?" అంది ఒతిలియా.

"చూశానే తల్లీ" అంది కాసిల్దా.

మూడు గంటల బస్సుకి ఎవారిస్తో దిగాడు. రావడంతోనే కొట్టంలోకి వెళ్లాడు. మరుక్షణం డబ్బా చేత్తో పట్టుకుని పెరట్లోకి వచ్చాడు.

"ఎవరు ముట్టుకున్నారు దీన్ని?"

కాసిల్దా గబగబా ఎదురెళ్లింది. "ముందు కాళ్లు కడుక్కోవయ్యా, వచ్చీ రాకముందే..."

"నిన్ను కాదు అడిగేది!"

"నేనే తీశాను" అంది ఒతిలియా ముందుకొచ్చి. నాలుగు నెలల తర్వాత తండ్రితో నేరుగా ఆడిన మొదటి మాట అది. "చిస్పాకి బంతి చేశాను."

"కుక్కకా!" ఆయన గొంతు వాకిలి దాటింది. "మా నాన్న టోపీ తీసి ముట్టుకున్న దాన్ని కుక్క నోట్లో పెట్టావా? ఆటగాళ్లు బంతి లేక ఏడుస్తుంటే నీకు కుక్క ముద్దొచ్చిందా?"

"ఏడుస్తున్నారని నీకు తెలుసుగా! నెల రోజులుగా డబ్బా అక్కడే పెట్టుకుని కూర్చున్నదెవరు? ఎండ లేదన్నావు. ఇదిగో, ఇది ఎండ కాదా? తీగ ముదరలేదన్నావు. నేను తెంపిన తీగ ఇంకెలా ముదరాలి? నువ్వు చెయ్యవు, నన్ను చెయ్యనివ్వవు. ఆట చచ్చిపోయినా ఫరవాలేదు గానీ ఆడపిల్ల చెయ్యి తగలకూడదు, అంతేగా నాన్నా?"

"నోర్ముయ్!"

ఆ అరుపుకి చిస్పా వాగులోంచి పరుగెత్తుకొచ్చింది. దానికి గొడవలు తెలియవు, మనుషులు గట్టిగా అరిస్తే ఆడడానికి పిలుస్తున్నారనుకుంటుంది. నేరుగా ఎవారిస్తో కాళ్ల దగ్గరికి వచ్చి బంతిని వదిలింది. బంతి ఆయన పాదం పక్కన నేల తాకి లేచి మోకాలి దాకా వచ్చింది. ఆయన కోపంతో ఉన్నవాడే, చెయ్యి మాత్రం తనంతట తాను కిందికి పోయి అందుకుంది.

అందుకున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది. బంతిని అటూ ఇటూ తిప్పాడు. అతుకు కోసం వెతికాడు, కనిపించలేదు. చెవి దగ్గర పెట్టుకుని వేళ్లతో తట్టాడు, లోపల గాలి పలకలేదు. ఇన్నేళ్లలో ఆయన మొహం మీద అలాంటి చూపు కాసిల్దా ఒక్కసారే చూసింది, కూతురిని మొదటిసారి ఎత్తుకున్నప్పుడు.

"తీగ రసం ఎంత పోశావు?" అన్నాడు నెమ్మదిగా.

"నువ్వు పోసేంత."

"నేనెంత పోస్తానో నీకెలా తెలుసు?"

"పాలు గిన్నె అంచు వదిలేదాకా పోస్తావు. అంతకు మించి ఒక్క చుక్క కూడా పొయ్యవు."

ఆయన బంతి మీద బొటనవేలు పెట్టి నొక్కబోయాడు. వేలు వణికింది గానీ దిగలేదు. మళ్లీ నొక్కాడు, పళ్లు బిగించి. ఆ వేలు అలాగే వంకరగా ఆగిపోయింది.

"నువ్వు నొక్కు" అని బంతిని కూతురికి అందించాడు. ఒతిలియా నొక్కింది. రబ్బరు మెత్తగా లొంగి, వేలు తీయగానే మళ్లీ నిండుగా అయింది.

"నాన్నా, నీ చెయ్యి..."

"ఏడాదిగా నా మాట వినడం లేదు" అన్నాడు ఎవారిస్తో. అరుగు మీద కూలబడి తన వేళ్లనే చూసుకున్నాడు. "ఎండ బాగానే ఉంది. తీగ కూడా ముదిరింది. నా వేళ్లే ముడుచుకోవట్లేదు. ఆ మాట బయటికి చెబితే, ఆట అయిపోయిందని హిలారియోకి నా నోటితో చెప్పినట్టే కదా. అందుకే ఎండనీ తీగనీ తిట్టుకుంటూ కూర్చున్నాను."

కాసిల్దాకి ఒక్కసారిగా కళ్లు తెరుచుకున్నట్టయింది. ఆయన ఏడాదిగా చొక్కా గుండీలు పెట్టుకోవడం మానేసి బనీన్లు వేసుకుంటున్నాడు. ఉక్కపోత అన్నాడు, తను నమ్మింది. ఒకే మంచం మీద పడుకునే మనిషి బాధ తనకి తెలియలేదే అనుకుంటూ వెళ్లి ఆయన పక్కన కూర్చుంది.

"నాకు నేర్పమని అడిగాను కదా నాన్నా" అంది ఒతిలియా. ఈసారి గొంతులో కోపం లేదు.

"అడిగావు. నీకు నేర్పితే నా పని అయిపోయిందని ఒప్పుకున్నట్టు అనిపించింది. దానికి మా నాన్న పేరు అడ్డం పెట్టుకున్నాను." ఆయన బంతి వంక చూశాడు. "ఎవరూ చెప్పకుండా ఇలాంటి బంతి నేను ఇరవై ఏళ్లప్పుడు కూడా చెయ్యలేకపోయానే. మా నాన్న చూసి ఉంటే ఏమనేవాడో! నన్ను మాత్రం తిట్టేవాడు, ఇంతకాలం ఈ పిల్లని బయట నిలబెట్టినందుకు."

లేచి డబ్బా తెచ్చి ఒతిలియా ముందు పెట్టాడు. "కుక్క బంతికి గిన్నెడు చాలు. ఊరి బంతికి డబ్బా మొత్తం పోతుంది. మూడు రోజులు పడుతుంది. మధ్యలో విసుగొచ్చిందంటే కుదరదు."

"రాదు" అంది ఒతిలియా.

శనివారం సాయంత్రానికి బంతి సగం అయింది. తండ్రి అరుగు మీద కూర్చుని చెబుతున్నాడు, కూతురు బండ మీద చుట్టి నొక్కుతోంది, కాసిల్దా వేడినీళ్లు మోస్తోంది. చిస్పా వాగులో పరుగెత్తి పరుగెత్తి అలిసిపోయి జామచెట్టు కింద నిద్రపోతోంది. అప్పుడు గుమ్మంలో హిలారియో వచ్చి నిలబడ్డాడు. లోపల జరుగుతున్నది చూసి, చేతిలో టోపీ పట్టుకుని అడుగు ముందుకు వెయ్యలేకపోయాడు.

"బంతి... బంతి అవుతోందా ఎవారిస్తో గారూ?"

"అవుతోంది. పండగకి ఇస్తాం."

"దేవుడిలా కాపాడారు మమ్మల్ని. మీ చెయ్యి చల్లగా ఉండాలి."

ఎవారిస్తో అరుగు మీద నుంచి లేచాడు.

"నా చెయ్యి కాదు హిలారియో" అన్నాడు, వీధి దాకా వినపడేలా. "నా పని అయిపోయింది. ఇకనుంచి ఈ ఊరి బంతి చేసేది మా అమ్మాయి ఒతిలియా. బంతి కావాలంటే ఆమెని అడుగు."

హిలారియో కొంచెంసేపు తండ్రినీ కూతురినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత ఒతిలియా వైపు తిరిగి, తలవంచి, "అయితే మాకు బంతి చేసి పెట్టమ్మా" అన్నాడు.

ఒతిలియా తల ఊపింది. కళ్లనీళ్లు పట్టీ మీద పడకుండా మొహం పక్కకు తిప్పుకుంది.

"ఏడుపు తర్వాత, ముందు చుట్టు. చల్లారిపోతోంది" అన్నాడు ఎవారిస్తో. ఆ మాట అంటున్నవాడి చెంపల మీద నుంచే నీళ్లు కారి గడ్డం కింద బొట్లు కడుతున్నాయి, తుడుచుకోవాలని ఆయనకి తోచలేదు.