చక్రం మీద సుద్దగీత

ముందు ఎడమ చక్రం కారును వదిలేసి, కారుకంటే ముందుగా పరిగెత్తి, రోడ్డు పక్క అరటితోటలోకి వెళ్ళిపోయింది.

కారు నడుపుతున్న రాజ్ కుమార్ దాన్ని కళ్ళారా చూశాడు. అది తమ చక్రమేనని తెలిసేలోపే కారు ఎడమవైపు కూలబడింది. తారురోడ్డు మీద ఇనుము బర్రున గీసుకుపోయింది. పక్కసీట్లో ఉన్న తల్లి పాపాయమ్మ ముందుకు తూలి, చెయ్యి అడ్డం పెట్టింది. స్పీడ్‌బ్రేకర్ దాటి అప్పుడే బండి కదిలింది గనక బతికారు. పది గజాల అవతల కాలువ నిండుగా పారుతోంది.

"చెయ్యి విరిగినట్టుందిరా," అంది పాపాయమ్మ మెల్లిగా.

కుడిచెయ్యి. ఆ చేత్తోనే ఆమె నలభై ఏళ్ళుగా ఊళ్ళో ఆడవాళ్ళకు జాకెట్లు కుడుతోంది.

వెనకసీట్లోంచి భార్య ప్రిస్కిల్లా దిగి అత్తగారిని పట్టుకుంది. తండ్రి జ్ఞానప్రకాశం మాత్రం ఊడిపోయిన చక్రం చోటు దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చర్చికని కట్టుకున్న తెల్లపంచె మట్టిలో ఆనుతున్నా చూసుకోలేదు. ముప్పయ్యేళ్ళు బస్సుల డిపోలో మెకానిక్‌గా చేసిన మనిషి.

"బోల్టులు విరగలేదు. నట్లే ఊడిపోయాయి. బిగించినవాడు సరిగ్గా బిగించలేదు," అన్నాడు.

అనేసి, తన మాటకు తనే ఉలిక్కిపడ్డాడు. ఆ ఇంట్లో చక్రాల నట్లు ఆఖరున బిగించేది ఆయనే.

రాజ్ కుమార్ నోరు తెరిచాడు. అప్పుడే చెప్పేయాల్సింది. ఆటో వచ్చింది. తల్లిని ఎక్కించే హడావుడిలో నోరు మూసుకున్నాడు.

మధ్యాహ్నానికి పాపాయమ్మ చేతికి కట్టుతో ఇంటికి చేరారు. డాక్టరు రెండు నెలలు కుట్టుమిషను ముట్టుకోకూడదన్నాడు. ప్రిస్కిల్లా అన్నాలు వడ్డించింది గానీ ఎవరికీ ముద్ద దిగలేదు.

"మామయ్యగారూ, కోపం తెచ్చుకోకండి," అంది చివరికి. "శుక్రవారం నాలుగు చక్రాలూ మీరే కదండీ బిగించారు. కళ్ళు ఆనట్లేదని మీరే అంటున్నారు. పోయిన నెల స్టౌ ఆపకుండా పడుకున్నారు."

"నిజమేనమ్మా."

"ఇకనుంచి మీరు కారు జోలికి వెళ్ళొద్దండీ. కాలువలో పడుంటే ఏమయ్యేవాళ్ళం?"

"వెళ్ళను."

"అదేం మాటమ్మాయ్," అంది పాపాయమ్మ కుర్చీలోంచి. "ఆయన చేత్తో బిగించిన చక్రం ఎప్పుడైనా ఊడిందా?"

"ఇవాళ ఊడింది కదా పాపా," అన్నాడు జ్ఞానప్రకాశం. కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు.

రాజ్ కుమార్ తల ఎత్తలేదు. హైస్కూల్లో లెక్కలు చెప్పే మాస్టారు. తప్పు ఎవరు చేశారో చెప్పమని ప్రతిరోజూ పిల్లల్ని నిలబెట్టి అడిగేవాడు.

కారు పని ఇంట్లో తనే చేసుకోవడం అతడికి సరదా. స్పానర్‌తో తిప్పీ తిప్పీ నడుం పడిపోతోందని, మూడు నెలల కిందట నట్లను తనే కొట్టి తిప్పి బిగించే పనిముట్టు, ఇంపాక్ట్ రెంచ్, కొందామనుకున్నాడు. గన్ను అంటారు దాన్ని మెకానిక్కులు. తండ్రిని వెంటబెట్టుకుని రాజమండ్రి వెళ్ళాడు. జ్ఞానప్రకాశం ఒక్కోటీ చేతిలోకి తీసుకుని, కూరగాయలు బేరం చేసినట్టు తిప్పి తిప్పి చూశాడు.

"డబ్బా మీద పవరు అంకెలు చూడకురా, ఎంతైనా రాస్తారు. బరువు చూడు. లోపల సుత్తి కొట్టుకునే ముందుభాగం లోహానిదేనా? ప్లాస్టిక్కైతే వేడికి వదులైపోద్ది. పాడైతే సామాను ఊళ్ళో దొరుకుద్దా? విప్పి బాగుచేసేవాడు ఉన్నాడా? ఇవి చూసి కొంటే పదేళ్ళు నీ దగ్గర ఉంటది."

ఆఖరికి నల్లటి బరువైన గన్నొకటి ఎంచాడు. రాజ్ కుమార్ సరేనన్నాడు. కొనకుండా వచ్చేశాడు. ఆ సాయంత్రమే ఫోన్లో ఎర్రటి దాన్ని ఆర్డరు పెట్టాడు. సగం బరువు, రెట్టింపు అంకె. పార్సిలు ఇంటికొచ్చాక తండ్రి అడిగితే, "మనం చూసిందే నాన్నా, కొత్త మోడల్," అన్నాడు.

జ్ఞానప్రకాశం దాన్ని చేతిలో తూచి, "ఏదైనా సరే, దీంతో ఆపెయ్యకు. ఆఖరి బిగింపు చేత్తోనే," అన్నాడు.

అది డిపోలో ఆయన నేర్చుకున్న పద్ధతి. చేత్తో స్పానర్ వేసి బిగించినవాడే, ఒక్కో నట్టు మీంచి చక్రం మీదికి సుద్దతో గీత గీయాలి. ఆ గీత సంతకంతో సమానం. ప్రిస్కిల్లా కూడా గీతలు చూడందే కారెక్కేది కాదు.

శుక్రవారం నలుగురి ముందూ తండ్రి నాలుగు చక్రాలూ బిగించి గీతలు పెట్టాడు. అంతవరకూ అందరికీ తెలుసు. శనివారం సాయంత్రం ఇంట్లోవాళ్ళు పాటల ప్రాక్టీసుకి చర్చికి వెళ్ళినప్పుడు, బ్రేకు కీచుమంటోందని ముందు ఎడమ చక్రం మళ్ళీ విప్పింది ఎవరో ఒక్కరికే తెలుసు.

నాలుగింటికి మెకానిక్ చిట్టియ్య తన వ్యానుకి కారు కట్టుకుని వచ్చాడు. ఒకప్పుడు జ్ఞానప్రకాశం దగ్గర పని నేర్చుకున్నవాడు.

"చక్రం అరటిబోదెల మధ్య దొరికిందండి, మేస్త్రిగారూ. మాస్టారూ, మీ గన్ను ఓసారి ఇలా ఇవ్వండి."

వేరే చక్రానికి ఓ నట్టు వదులుచేసి, గన్నుతో మళ్ళీ బిగించాడు. టకటకటక వాకిలంతా మోగింది. తర్వాత స్పానర్ వేసి చేత్తో తిప్పాడు. నట్టు పావుచుట్టు సునాయాసంగా తిరిగింది.

"చూశారా? ఊరికే కొట్టుకుంటోంది, బిగించట్లేదు. లోపల వదులైపోయింది. ఎక్కడ కొన్నారండీ దీన్ని?"

"ఆన్‌లైన్లో."

జ్ఞానప్రకాశం కొడుకు వైపు చూశాడు. "రాజమండ్రిలో మనం చూసింది కాదా?"

"కాదు నాన్నా."

ఆయన ఇంకేమీ అడగలేదు. అడిగితే బాగుండుననిపించింది రాజ్ కుమార్‌కి.

"గన్ను పాడైతే పాడైంది," అంది ప్రిస్కిల్లా. "మామయ్యగారు చేత్తో చూశాకేగా గీత పెట్టారు. అప్పుడైనా తెలియలేదా అని నా బాధ."

"నీ బాధ న్యాయమేనమ్మా," అన్నాడు జ్ఞానప్రకాశం. లోపలికి వెళ్ళి, తన పనిముట్ల పెట్టె మోసుకొచ్చి చిట్టియ్య కాళ్ళ దగ్గర పెట్టాడు. మూత మీద ఆయన పేరు తెల్లరంగుతో రాసి ఉంది. "పట్టుకుపో. నాకిక పనిలేదు."

"అదేంటండీ, మీ చేతి పెట్టె నేనెలా పట్టుకుపోతాను?"

"బిగించానో లేదో గుర్తులేనివాడికి స్పానర్ దేనికిరా?"

పొద్దుటనుంచి ఆయన వయసు పదేళ్ళు పెరిగినట్టుంది. వెళ్తూ వెళ్తూ, వ్యానులో ఉన్న చక్రం దగ్గర ఆగాడు. భుజం మీది తువ్వాలుతో బురద పైపైన తుడిచాడు. నల్లటి చక్రం మీద, నట్లు ఉండాల్సిన చోట్ల, సగం సగం మిగిలిన తెల్లగీతలు బయటపడ్డాయి.

ఒక గీత మీద బొటనవేలు పెట్టి అలాగే ఉండిపోయాడు.

ఆయన గీతలు దారప్పోగులా సన్నగా ఉంటాయి. పాపాయమ్మ గుడ్డల మీద గుర్తు పెట్టుకునే పల్చటి సుద్దబిళ్ళనే ఆయన వాడతాడు. చక్రం మీద గీత వేలంత లావుంది. నల్లబల్ల మీద గీసే గీత.

జ్ఞానప్రకాశం మెల్లిగా తల తిప్పి కొడుకును చూశాడు. ఆ చూపులో కోపం లేదు. తండ్రికి తెలిసిపోయిందని రాజ్ కుమార్‌కి తెలిసింది.

"ఆ గీతలు మీవేనా మామయ్యగారూ?" అంది ప్రిస్కిల్లా.

"నావేనమ్మా," అన్నాడు జ్ఞానప్రకాశం. తువ్వాలు మడిచి, గీతను గట్టిగా తుడవబోయాడు.

రాజ్ కుమార్ వచ్చి ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

"వదలరా," అన్నాడు తండ్రి గొంతు తగ్గించి. "పిల్లలకి పాఠం చెప్పేవాడివి. ఊరంతా నిన్ను మాస్టారూ అంటారు. నాకెలాగూ మతిమరుపనేశారు, పోనీ."

రాజ్ కుమార్ ఆ మణికట్టు వదల్లేదు. తనను కాపాడటానికి ఆ మనిషి ముప్పయ్యేళ్ళ పేరును తువ్వాలుతో తుడిచేసుకుంటున్నాడు. నిన్న సాయంత్రం స్పానర్ వెనకగదిలో ఉంది. పది అడుగులు. పొద్దున ప్రిస్కిల్లా గీతలు చూడందే కారెక్కదు. జేబులో స్కూలు సుద్దముక్క తగిలింది. పాత గీతలు గుడ్డతో తుడిచి, కొత్తవి గీసేశాడు. పది అడుగులు వేయడానికి బద్ధకమై.

"అవి నాన్న గీతలు కాదమ్మా," అన్నాడు. తల్లి వైపు తిరిగాడు.

పాపాయమ్మ కట్టున్న చేతిని ఒళ్ళో పెట్టుకుని ముందుకు వంగింది. "మరెవరివిరా?"

రాజ్ కుమార్ పెట్టె ఎత్తి తండ్రి చేతికిచ్చాడు. తర్వాత భార్య ముందు, చిట్టియ్య ముందు, గోడ అవతలినుంచి తొంగిచూస్తున్న ఇరుగుపొరుగు ముందు, తల్లి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"నిన్న ఆ చక్రం విప్పినవాడు, ఆ డొల్ల గన్నుతో బిగించి చేత్తో చూడనివాడు, నాన్న సంతకం దొంగతనంగా పెట్టినవాడు, పొద్దుటనుంచి నాన్న మాటలు పడుతుంటే తలొంచుకు కూర్చున్నవాడు, ఒక్కడేనమ్మా. నీ చెయ్యి విరగ్గొట్టింది నాన్న కాదు. నేను. నీ కొడుకు రాజ్ కుమార్."