వ్యాను తోసేవాళ్లు

ఆ వ్యానుకి సొంతంగా ఇంజను ఉందంటే అద్దంకి చుట్టుపక్కల ఎవరూ నమ్మేవాళ్లు కాదు. పొద్దున్నే నలుగురు తోస్తేనే కదిలేది. ఊరూరా సువార్త చెప్పే జక్రయ్య, ఆయన భార్య వీరమ్మ పదకొండేళ్లుగా అందులోనే కాపురం. మధ్యలో మంచం, వెనక కిరసనాయిలు స్టవ్వు, పైన రెండు మైకులు.

అది ఎనభై నాలుగు, మిరపకోతల కాలం. జక్రయ్య స్నానం చేసి వచ్చేసరికి మెకానిక్ ఇమాం హుస్సేన్ మంచం కింద దూరి, మైకు బ్యాటరీ నుంచి ఇంజను బ్యాటరీకి వేలంత లావు వైరు లాగుతున్నాడు.

"ఎవరు రమ్మన్నారయ్యా నిన్ను?"

"అమ్మగారండి."

"ఆ బ్యాటరీ ముట్టుకోవద్దన్నానా? అది కాస్తా దిగిపోతే సాయంత్రం మీటింగులో సైగలు చెయ్యాలా నేను? పోయినేడు కలిపి చూశా. పొగొచ్చింది."

"మీరు కలిపింది సన్నటి కాలింగ్‌బెల్ వైరండీ. ఇప్పుడు మధ్యలో స్విచ్చి పెడుతున్నా. స్టార్టయ్యేదాకే రెండూ కలుస్తాయి. ఆనక దేనిది దానిదే."

"వద్దు, పీకెయ్. నలుగురూ తలో చెయ్యేస్తే పోయేదానికి."

"ఏ నలుగురండీ?" స్టవ్వు దగ్గర్నుంచి వీరమ్మ అడిగింది. "పిలవండి, చూద్దాం."

జక్రయ్య బయటికి చూశాడు. మేక ఒకటి కనిపించింది.

"ఊరంతా తెల్లారకముందే కోతలకి పోతోంది. నెల్లాళ్లుగా ఆ నలుగురూ నేనే. బండి పల్లం చూసి ఆపమన్నది దేనికనుకున్నారు?"

"మరి చెప్పవేం?"

"చెప్తే మీటింగులు మానేస్తారని."

రోజూ పొద్దున్నే వెనక తలుపు మీద రెండు దెబ్బలు వినపడగానే గేరు వెయ్యడమే ఆయన పని. ఆ దెబ్బలు ఎవరివో ఏనాడూ చూడలేదు. దిగి వెనక్కి వెళ్లాడు. తలుపు మీద రంగు రెండుచోట్ల అరిగిపోయి రేకు తేలింది. తన అరచేతులు అక్కడ ఆనించాలంటే నడుం వంచాల్సి వచ్చింది.

చేతులు తియ్యకుండానే లోపలికి కేకేశాడు.

"హుస్సేనూ, బిగించెయ్యి. నువ్వెళ్లి స్టీరింగు దగ్గర కూర్చోవే. గేరు తీసి సెల్ఫ్ కొట్టు."

ఒక్క దెబ్బకి ఇంజను అందుకుంది. వీరమ్మ కిటికీలోంచి తల బయటపెట్టింది.

"స్టార్టయింది, ఎక్కండి."

జక్రయ్య తల ఎత్తలేదు. రేకుకి నుదురు ఆనించి అలాగే ఉన్నాడు.

"ఉండవే. కాసేపు నన్ను తోయనీ."