సూది గుచ్చని బెజ్జం

పన్నెండు పెట్టెలు. పన్నెండింట్లోనూ ఈగలు చచ్చాయి.

మూడు వారాల కిందట, అసారో లోయలో, లుహావే కాఫీతోట గట్టున పెంపుడు తేనెటీగలు కుప్పలుగా రాలి కనిపించాయి. పట్టులోని పిల్లల మీదంతా గోధుమరంగు నల్లి. గుండుసూది తలకాయంత, ఈగల్ని పీల్చి బతికే పురుగు.

దోషి ఎవరో లుహావే ఆ రోజే తేల్చేశాడు. అతని బావమరిది గిమిసే విదేశపు తేనెతోటల్లో ఆరు నెలలు కూలి చేసి, సరిగ్గా ఆ నెలలోనే తిరిగొచ్చాడు. అక్కడి నల్లిని వెంట తెచ్చాడని లుహావే వాదన.

ఈ శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి గిమిసే పది పందులు పరిహారం కట్టాలి. అతనికున్నవి మూడు. కట్టకపోతే లుహావే భార్య, అంటే గిమిసే అక్క, పుట్టింటికి. ఆ తర్వాత మాటలుండవు, బాణాలే. ఆమె సంచి అప్పుడే సర్ది గుమ్మంలో పెట్టి ఉంది.

పోలీసు సార్జెంట్ ఒటోరా జీపు దిగేసరికి 11.10. ఇంజను ఆపలేదు. ఒకపక్క లుహావే మనుషులు, ఇంకోపక్క గిమిసే మనుషులు. ఎవరి చేతులూ ఖాళీగా లేవు. లుహావే తల్లి ఐమో ఒక్కతే అరుగు మీద కూర్చుని, తొడ మీద నార పేనుతూ సంచి అల్లుకుంటోంది.

లుహావే పెట్టెలోంచి పట్టున్న ఒక ఫ్రేము తెచ్చి ఒటోరా ముఖం ముందు పెట్టాడు.

"చూడు సార్జెంటూ. పిల్లల గదుల మూత మూతకీ బెజ్జం. సూదితో గుచ్చి మరీ నల్లిని ఎక్కించాడు."

"నాకు గుడ్డలు కుట్టుకోడానికే సూది లేదు బావా," అన్నాడు గిమిసే. ఒకరిద్దరు నవ్వబోయి ఆగారు.

ఒటోరా గడియారం చూసుకున్నాడు. 11.25. జేబులోంచి ల్యాబ్ రిపోర్టు తీశాడు.

"కంటికి ఈ నల్లులన్నీ ఒక్కలాగే ఉంటాయి. అందుకే వాటి జన్యువులో ఒక ముక్క చదివించాం. విదేశపు నల్లిది ఒక వరస. మన అడవి చిన్నీగ మీద బతికే నల్లిది ఇంకో వరస. నీ పెట్టెల్లోవి ముప్ఫై పంపాం. ముప్ఫైయీ చిన్నీగ నల్లులే."

"అయితే ఈ బెజ్జాలు?"

"సూదివి కావు. చిన్నీగ తన పోతుపిల్లల గది మూతకి ఎప్పుడూ అలా బెజ్జం ఉంచుతుంది. నీ పెంపుడీగ ఉంచదు. అంటే ఈ ముక్క నీ ఈగలు కట్టిందే కాదు. అడవిపట్టు. ఎవరో తెచ్చి ఫ్రేముకి కట్టారు."

"ఇంకెవరు? వీడే," అన్నాడు లుహావే.

ఒటోరా ఫ్రేము తిరగేశాడు. మూడు వారాలుగా అందరూ బెజ్జాలే చూశారు. వెనక ముడి ఎవరూ చూడలేదు. ఊదారంగు నారతాడు. చేత్తో పేనింది.

అరుగు మీద నార పేనుతున్న చెయ్యి ఆగిపోయింది. అతను వచ్చినప్పటినుంచి అది ఆగడం ఇదే మొదలు.

"అవ్వా, ఆ తాడు ఒక జానెడు ఇస్తావా?"

ఐమో ఒడిలోంచి తాడు తీసి ఇచ్చింది. ఊదారంగు. అదే పేనిక.

"నేనే కట్టాను," అంది. "మీరు మగాళ్ళు నన్నెవరు అడిగారు? దుంపతోట వెయ్యడానికి చెట్టు కొడితే పట్టు కింద పడింది. లోపల పిల్లలు ఇంకా కదులుతున్నాయి. మన పెట్టెలో తల్లి ఈగ ఉంది కదా, సాకుతుందనుకున్నాను."

"అడవి పురుగుని ఇంట్లోకి తెస్తారా అమ్మా?" అన్నాడు లుహావే.

ఆమె కొడుకు వైపు చూసింది.

"నిన్ను కన్నవాళ్ళ ఇళ్ళు కాలిన రోజు, వాగు గట్టున దొరికావు. ఎవరి బిడ్డవో ఎవరు అడిగార్రా? నిన్నూ అలాగేగా సంచిలో వేసుకొచ్చాను."

జీపు ఇంజను ఇంకా మోగుతూనే ఉంది. ఈ ఒక్క పట్టు నుంచి పన్నెండు పెట్టెలకీ పాకిన నల్లి ఇప్పుడు లోయలో ఇంకెన్ని పెట్టెల్లో ఉందో ఒటోరాకి తెలియదు. ల్యాబ్ రిపోర్టు చేతిలో తిప్పుతూనే ఉన్నాడు.

11.52. లుహావే దొడ్లోకి వెళ్ళాడు. అందరికంటే పెద్ద పందిని తోలుకొచ్చి, పలుపు బావమరిది చేతిలో పెట్టాడు. అబద్ధపు నిందకి లోయలో అదే పరిహారం.

గుమ్మంలో ఉన్న సంచిని అక్క లోపలికి తీసుకెళ్ళింది.